సంత ఎవరిది, సరుకు ఎవరిది? కాపీరైట్ చట్టం, వీడియో సైట్లు, మన సంఘాలు

(గంజాం జిల్లా పాత్రపూర్‌లో సంఘ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మాట్లాడమని మాకు ఇచ్చిన అంశం కాపీరైట్. ప్రార్థనా కూడికలో చట్టం గురించి ఏమిటని ఒక పెద్దాయన ఇందాకే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా దగ్గర పుస్తకంలోని జవాబు కాదు, మేము పడ్డ దెబ్బ ఉంది. ముందు అది చెప్పి తర్వాత చట్టంలోకి వెళతాం.

2020 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. సూరత్ మరమగ్గాల్లో పనిచేసే మన గంజాం బిడ్డలు శ్రామిక్ రైళ్లలో తిరిగి వచ్చారు. బడుల్లో క్వారంటైన్ పెట్టారు. ఆ రోజుల్లో మేము, మా సంఘ యువకులు కలిసి పదిహేడు మంది కార్మికుల మాటలు ఫోన్లలో రికార్డు చేశాం. మగ్గం యజమాని ఎన్ని రోజుల కూలి ఎగ్గొట్టాడు, ఒకే గదిలో ఎంతమంది వంతులవారీగా పడుకునేవారు, వేలు తెగినప్పుడు ఎవరు పట్టించుకున్నారు, ఇవన్నీ వాళ్లు తెలుగులో, ఒడియాలో చెప్పారు. వాటిని ఒక వీడియో సైట్‌లో మా సంఘం చానల్‌లో పెట్టాం. అదే చానల్‌లో మా క్రిస్మస్ పాటలూ ఉండేవి.

మా కుర్రవాళ్లు ఒక పని చేశారు. సాక్ష్యం వీడియో మొదట్లో కాస్త బాధగా వినిపించాలని ఒక సినిమా పాట సంగీతం తగిలించారు. క్రిస్మస్ పాటలకు ఎక్కడో దొరికిన ట్రాక్ వాడారు. ట్రాక్ ఎవరిదో మేమూ అడగలేదు. ముందు ఒక నోటీసు వచ్చింది, తర్వాత రెండోది. ఇంగ్లీషులో ఉన్న మెయిల్‌ను ఎవరూ సరిగా చదవలేదు. మూడోది వచ్చాక చానలే మూసేశారు. పాటలతో పాటు పదిహేడు మంది మాటలూ పోయాయి. ఫోన్లలో జాగా లేదని అసలు ఫైళ్లు అంతకుముందే తుడిచేశాం.

ఆ పదిహేడు మందిలో ఒక తమ్ముడు మళ్లీ సూరత్ వెళ్లి అక్కడే చనిపోయాడు. వాళ్లమ్మ మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మా గుంటడి మాట ఓపాలి ఇనిపించండి" అంది. మా దగ్గర వినిపించడానికి ఏమీ లేదు. ఆ తల్లికి మేము కాపీరైట్ అంటే ఏమిటని చెప్పగలం? ఆ రోజు నుంచే ఈ చట్టం చదవడం మొదలుపెట్టాం.

తప్పు ఎవరిది? మాది ఉంది, దాన్ని దాచం. ఇతరుల సంగీతాన్ని అడగకుండా వాడాం. కానీ ఒక పాట ముక్కకు ఒక కార్మికుడి సాక్ష్యం మొత్తం శిక్ష అనుభవించడం న్యాయమా? అసలు ఇందులో ఆ సైట్ బాధ్యత ఎంత, ఫిర్యాదు చేసినవాళ్ల బాధ్యత ఎంత, మన బాధ్యత ఎంత? ఈ మూడూ విడదీసి చూద్దాం.

మన సంతనే తీసుకోండి. సంతలో ఒకడు దొంగ మేకను తెచ్చి అమ్మాడు. మేక సొంతదారు వచ్చి పట్టుకున్నాడు. అమ్మినవాడు దొంగ, అందులో అనుమానం లేదు. మరి సంత వేలం పాడుకుని ఆశీలు వసూలు చేసేవాడి మాటేమిటి? వందల మేకలు వస్తాయి, ఏది ఎవరిదో తనకెలా తెలుస్తుందని అతనంటాడు. ప్రతి మేక మీదా నువ్వు ఆశీలు తీసుకున్నావు కదా అని సొంతదారు అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ప్రపంచమంతా వీడియో సైట్ల మీద నడిచిన వ్యాజ్యాలన్నీ ఈ సంత తగాదాలే.

ఈ ప్రశ్న బైబిలుకు కొత్త కాదు. నిర్గమకాండం 21వ అధ్యాయంలో పొడిచే ఎద్దు సంగతి ఉంది. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపాలి, యజమాని మీద దోషం లేదు. కానీ ఆ ఎద్దుకు పొడిచే అలవాటు ముందే ఉండి, ఆ సంగతి యజమానికి తెలియజేసినా అతడు దాన్ని కట్టివేయకపోతే, అప్పుడు యజమానీ దోషే. తెలిసిందా లేదా, తెలిశాక ఏం చేశాడు అన్నదే కొలబద్ద. ఇప్పటి మన చట్టం కూడా దాదాపు ఆ కొలబద్ద దగ్గరే నిలబడింది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 51వ సెక్షన్ ఏమంటుందంటే, లాభం కోసం ఒక స్థలాన్ని ఇతరుల రచనను అనుమతి లేకుండా జనానికి వినిపించడానికి ఇస్తే అదీ ఉల్లంఘనే. అయితే ఆ సంగతి అతనికి తెలియకపోతే, తెలుసుకోవడానికి తగిన కారణం కూడా లేకపోతే బాధ్యత ఉండదు. ఇది సినిమా హాళ్లను, సభా మందిరాలను మనసులో పెట్టుకుని రాసిన మాట. ఇంటర్నెట్ వచ్చాక వెబ్‌సైట్ కూడా అలాంటి స్థలమేనా అన్న ప్రశ్న లేచింది.

టీ సిరీస్ పేరుతో మనకు తెలిసిన సూపర్ కాసెట్స్ కంపెనీ మైస్పేస్ అనే సైట్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2011 జులైలో ఒకే న్యాయమూర్తి ఇచ్చిన తీర్పు కంపెనీ వైపు మొగ్గింది. సైట్ తన జాగాలో పాటలు పెట్టనిచ్చి, వాటి పక్కన ప్రకటనలు వేసి సంపాదిస్తోంది కాబట్టి బాధ్యత ఉందన్నారు. 2016 డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచ్ దాన్ని మార్చింది. సైట్‌లో ఎక్కడో దొంగ పాటలు ఉండవచ్చని ఊరికే తెలిసి ఉండటం చాలదు, ఫలానా పాట, ఫలానా చోట ఉందని స్పష్టంగా తెలియాలి అన్నారు. సొంతదారు ఆ వివరాలతో నోటీసు ఇస్తే 36 గంటల్లో తీసేయాలి. తీసేయకపోతే సంత కాంట్రాక్టరు కూడా దొంగతో సమానం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మాట్లాడే స్వేచ్ఛ గురించి 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ ఉత్తర్వు గానీ వస్తేనే సైట్‌కు తెలిసినట్టు లెక్క అంది. ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే చాలదు. కానీ కాపీరైట్ విషయంలో కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, సొంతదారు నోటీసు చాలునని ఢిల్లీ బెంచ్ చెప్పింది. దీని ఫలితం ఏమిటో గమనించండి. మీ మాట నచ్చనివాడు మీ వీడియోను తీయించాలంటే మామూలుగా కోర్టుకు వెళ్లాలి. కాపీరైట్ పేరు చెబితే ఒక ఫారం నింపితే సరిపోతుంది. నోరు నొక్కాలనుకునేవాడికి ఏ దారి సులువో మేము వేరే చెప్పాలా?

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడ 1998లో చేసిన చట్టం నోటీసు వస్తే తీసేసే సైట్‌కు రక్షణ ఇచ్చింది. 2005లో యూట్యూబ్ పుట్టింది, 2006లో గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొంది. 2007లో వయాకామ్ అనే పెద్ద కంపెనీ 100 కోట్ల డాలర్లు కట్టమని దావా వేసింది. ఏళ్ల తరబడి నడిచి 2014లో ఆ రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. ఐరోపా వాళ్లు 2019లో వేరే దారి పట్టారు. పెద్ద సైట్లు ముందే లైసెన్సు తీసుకోవాలి, లేదా అందుకు గట్టి ప్రయత్నం చేశామని చూపాలి, లేకపోతే నేరుగా వాటిదే బాధ్యత అన్నారు.

ఏనుగులు పోట్లాడుకున్నా, రాజీ పడినా నలిగేది గడ్డే. పెద్ద కంపెనీ, పెద్ద సైట్ ఒప్పందానికి వచ్చాక కాపలా పని మర యంత్రానికి అప్పగించారు. అది పాటను గుర్తుపడుతుంది. ఆ పాట పక్కన కూర్చుని ఏడుస్తున్న మనిషిని గుర్తుపట్టదు.

అలాగని కాపీరైట్ అంటేనే ధనవంతుల చట్టం అని తోసెయ్యకూడదు. మన ఒడిశా సంగతే చూడండి. రంగబతి పాట తెలియనివాళ్లు ఇక్కడ లేరు. పెళ్లి ఊరేగింపులో అది లేకుండా అడుగు పడదు. మిత్రభాను గౌంతియా రాశారు, ప్రభుదత్త ప్రధాన్ స్వరం కట్టారు, జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్ పాడారు. 1970ల నాటి ఆకాశవాణి పాట. 2015లో ఒక పెద్ద టీవీ సంగీత కార్యక్రమం దాన్ని కొత్త హంగులతో చేసి ఇంటర్నెట్‌లో పెడితే దేశమంతా విన్నది. తమ అనుమతి అడగలేదని రచయిత, స్వరకర్త లాయరు నోటీసు ఇచ్చి కోటి రూపాయల పరిహారం కోరారు. తర్వాత ప్రభుత్వం హరిపాల్ గారికి 2017లో, గౌంతియా గారికి 2020లో, కృష్ణా పటేల్ గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చింది. బిరుదు వచ్చింది, సంతోషమే. కానీ అంతమంది నోట ఆడిన పాటకు పాడినవాడి ఇంటికి ఎంత చేరింది అన్నది వేరే ప్రశ్న. చేను కోసిన కూలివాళ్ల కూలి బిగబట్టితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు రాసింది పొలానికే కాదు, పాటకూ వర్తిస్తుంది.

మన తెలుగువాళ్లకు తెలిసిన ఇంకో సంఘటన. 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్లింది, నా అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని. బాలు గారు నొచ్చుకున్నారు, అయినా ఆ పర్యటనలో ఆ పాటలు పాడటం మానేశారు. చాలామంది ఇళయరాజాను తిట్టారు. కానీ ఒక మాట ఆలోచించాలి. మన దేశంలో చాలా ఏళ్లు పాట రాసినవాడు, స్వరం కట్టినవాడు ఒక్కసారి డబ్బు తీసుకుని సంతకం పెట్టి పక్కకు పోవలసి వచ్చేది. 2012 సవరణ వల్లే రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో సమాన వాటా హక్కు గట్టిపడింది, దాన్ని కంపెనీకి రాసిచ్చేయడం కూడా చెల్లదని వచ్చింది. జావేద్ అక్తర్ రాజ్యసభలో దీనికోసం గట్టిగా మాట్లాడారు.

కాబట్టి మనం రెండు పక్కలా నిలబడాలి. పాట కట్టినవాడి కూలి పక్షానా, మాట చెప్పుకోవలసినవాడి నోటి పక్షానా. ఈ రెంటికీ కుదిరే దారి లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. పొలం నీదే, పంట నీదే. కానీ అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరొద్దు, అది పేదవాడికీ పరదేశికీ విడిచిపెట్టు. రూతు బతికింది ఆ పరిగె మీదే. కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ అలాంటి పరిగె హక్కు. విమర్శ కోసం, సమీక్ష కోసం, వర్తమాన సంఘటనలు తెలియజేయడం కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. నిజమైన మతపరమైన కార్యక్రమంలో, పెళ్లి వేడుకల్లో పాట పాడటం, వినిపించడం ఉల్లంఘన కాదని ఆ సెక్షన్‌లోనే ఉంది. 2023 జులైలో కేంద్రం పెళ్లిళ్ల గురించి ఆ మాటే మళ్లీ గుర్తు చేసింది.

కానీ ఇక్కడే మన సంఘాలు పప్పులో కాలేస్తున్నాయి. ఆరాధనలో పాడటం వేరు, ఆ ఆరాధనను వీడియో తీసి లోకమంతా చూసేలా పెట్టడం వేరు. మొదటిదానికి ఉన్న రక్షణ రెండోదానికి అలాగే వస్తుందని అనుకోవద్దు.

ఇంకొకటి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మనం పాడుకుంటాం. మన పక్కనే శ్రీకాకుళం, పర్లాకిమిడి ప్రాంతాల్లో సేవ చేసి 1890లో ప్రభువు దగ్గరికి వెళ్లిన భక్తుడు. మన చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకే హక్కు. కాబట్టి ఆయన సాహిత్యం ఎప్పుడో అందరిదీ అయింది. కానీ ఆ కీర్తననే ఒక కంపెనీ మొన్న స్టూడియోలో రికార్డు చేస్తే ఆ రికార్డింగ్‌కు విడిగా 60 ఏళ్ల హక్కు ఉంటుంది. మీ గొంతుతో, మీ హార్మోనియంతో పాడి పెట్టండి, ఎవరూ అడ్డుచెప్పలేరు. కంపెనీ ట్రాక్ పెడితే అడుగుతారు. ఒక్కోసారి సొంత గొంతుతో పాడినా మర యంత్రం పొరబడి నోటీసు పంపుతుంది. అప్పుడు భయపడక్కర్లేదు, జవాబు చెప్పాలి.

జవాబు చెప్పే దారి ఎలా ఉందో చూడండి. మన చట్టం ప్రకారం నోటీసు వచ్చాక సైట్ వీడియోను 21 రోజులు ఆపాలి. ఆలోపు ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ చూపించవచ్చు. చక్కటి ఏర్పాటు. కానీ పెద్ద సైట్లు సాధారణంగా ఇచ్చేది అమెరికా చట్టం ప్రకారం తయారైన ఫారం. అందులో మన పూర్తి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు రాయాలి. అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టాలి. ఆ చిరునామా ఫిర్యాదు చేసినవాడికి వెళుతుంది. ఊళ్లో భూమి కబ్జా మీద వీడియో పెట్టిన మాలపల్లి కుర్రాడు ఆ భూస్వామి మనిషికి తన ఇంటి చిరునామా రాసి పంపాలా? 2008లో పక్క జిల్లా కంధమాల్‌లో ఏం జరిగిందో చూసినవాళ్లం మనం. పేరు, ఇల్లు తెలియడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

అమెరికాలోనే ఒక తల్లి తన పసివాడు గంతులేస్తున్న 29 సెకన్ల వీడియో పెట్టింది. వెనకాల ప్రిన్స్ అనే గాయకుడి పాట మోగుతోంది. 2007లో సంగీత కంపెనీ దాన్ని తీయించింది. ఆమె వదల్లేదు. నోటీసు పంపే ముందు ఇది న్యాయమైన వాడకమేనా అని కంపెనీ ఆలోచించి తీరాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. మన దగ్గర కూడా 60వ సెక్షన్ ఉంది. ఆధారం లేకుండా కాపీరైట్ పేరు చెప్పి బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవాడే కోర్టుకు వెళ్లి దాన్ని ఆపించవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. ఈ సెక్షన్ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

మరో పక్క చట్టం కోరలూ తెలిసి ఉండాలి. తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు తగ్గించవచ్చు. కానీ 2022 మేలో సుప్రీంకోర్టు ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని తేల్చింది. కొత్త సినిమా మొత్తం ఫోన్‌లో తీసి పెట్టే తమ్ముళ్లు ఉంటే, ఈ రోజే మానేయండి. అది పరిగె కాదు, కుప్ప ఎత్తుకుపోవడం.

ఇక మనం చేయవలసినవి. వీటిని రాసుకోండి.

ఒకటి, సాక్ష్యం వీడియోలో ఎవరి సంగీతమూ పెట్టొద్దు. బాధ పడ్డవాడి గొంతుకు సినిమా సంగీతం సాయం అక్కర్లేదు. ఏదైనా కావాలంటే మన డప్పు ఉంది.

రెండు, అసలు ఫైలును రెండు చోట్ల దాచండి. ఒకటి సంఘం హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊరి మనిషి దగ్గర. సైట్ మన బీరువా కాదు, అది ఎవరిదో సంత. సాయంత్రానికి సంత ఎత్తేస్తారు.

మూడు, పాటల చానల్, సాక్ష్యాల చానల్ వేరుగా ఉంచండి. ఒకదాని తప్పుకు రెండోది బలి కాకుండా ఉండే అవకాశం పెరుగుతుంది.

నాలుగు, నోటీసు వస్తే ఇద్దరు ముగ్గురు కూర్చుని చదవండి. ఏ వీడియో, ఎన్నో నిమిషం, ఎవరి హక్కు అంటున్నారో చూడండి. యంత్రం పెట్టే క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వల్ల సాధారణంగా ప్రకటనల డబ్బు అవతలివాళ్లకు పోతుంది, లేదా వీడియో ఆగుతుంది. స్ట్రైకులు అలా కావు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు పడితే చానలే పోతుంది. తప్పు మనదైతే ఒప్పుకుని తీసేయండి. కాకపోతే లాయరు ద్వారా జవాబు ఇప్పించండి. డబ్బు కట్టమంటే భయపడి కట్టేయొద్దు.

ఐదు, పెద్ద సైట్లకు మన దేశంలోనే ఫిర్యాదుల అధికారి ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. అక్కడ న్యాయం దొరక్కపోతే 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, ఆ పోరాటం మనది నడుస్తూనే ఉంది. కానీ స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయ సహాయం హక్కుగా ఉంది. దాన్ని వదులుకోవద్దు.

ఆరు, మన పాట కింద పేర్లు రాయండి. రాసిన అమ్మ పేరు, స్వరం కట్టిన అన్న పేరు, డప్పు కొట్టిన తాత పేరు. రిజిస్ట్రేషన్ లేకపోయినా పాట పుట్టినప్పుడే హక్కు పుడుతుంది. పేరు చెప్పించుకునే హక్కు రచయితకు చట్టంలోనే ఉంది. మన పేర్లు మనమే రాయకపోతే రేపు ఇంకెవరో వాళ్ల పేరు రాసుకుంటారు.

సైట్ల యజమానులను, ప్రభుత్వాన్ని మనం అడగవలసినవీ ఉన్నాయి. చానల్ మూసినా మనిషి తాను చెప్పిన మాటను, తాను తీసిన వీడియోను తిరిగి తీసుకునే వీలు ఉండాలి. ఫిర్యాదు వచ్చిన సంగీతం ముక్కను మాత్రమే ఆపి మాటను ఉంచాలి. తెలుగులో, ఒడియాలో చదివి వినే మనిషి అవతల ఉండాలి. అబద్ధపు ఫిర్యాదు చేసినవాడికి శిక్ష ఉండాలి. ఎద్దు పొడుస్తుందని తెలిసీ కట్టనివాడు దోషి అయినట్టే, ఎవరి ఎద్దో చూడకుండా అన్నిటినీ నరికేవాడూ దోషే.

ఆ తల్లి గురించి చెప్పి ముగిస్తాం. వెతకగా వెతకగా ఆ తమ్ముడి స్నేహితుడి పాత ఫోన్‌లో ఒక చిన్న ముక్క దొరికింది. తన రోజుకూలి ఎంతో చెబుతూ, మధ్యలో ఆగి, వెనకాల ఎవరినో చూసి నవ్వుతాడు. అంతే. ఆ తల్లి దాన్ని ఎన్నిసార్లు విందో మేము లెక్కపెట్టలేదు. మిగతా పదహారు మందిలో దొరికిన వాళ్ల దగ్గరికి మళ్లీ వెళుతున్నాం, మళ్లీ రికార్డు చేస్తున్నాం. ఈసారి పాట లేదు. రెండు కాపీలు ఉన్నాయి. మీలో ఎవరి ఇంట్లోనైనా సూరత్ వెళ్లి వచ్చినవాళ్లు ఉంటే, కూడిక అయ్యాక మమ్మల్ని కలవండి.